లేచిన పోగు

ధైర్యం గురించి రాయమంటే నేను రాయలేను. నాకు అది లేదు. 2008లో బెంగుళూరులో నా ఎడమ కంటికి చనిపోయిన ఎవరిదో కంటి పొర అతికించారు. దానికి ముందూ వెనకా నేను పడిన భయం ఎంతంటే, కాగితం మీద పెడితే తప్ప అది నన్ను వదిలేలా లేదు. ఇంకో కారణం కూడా ఉంది. మా ధర్మవరం మగ్గాల వీధుల్లో నాలాంటి చేతులున్నవాళ్ళు చాలామంది. నేను చేసిన తప్పు వాళ్ళూ చేస్తారు. చేయకుండా ఉండడమే వాళ్ళకు కష్టం. ముందు వాళ్ళు చదవాలి.

మాది పెనుకొండ. మా నాయన పరుపులు కుట్టేవాడు. దూది ఏకుతుంటే లేచే నుసి మా ఇంట్లో అన్నంలోనూ ఉండేది, కళ్ళలోనూ ఉండేది. చిన్నప్పటి నుంచీ పిడికిళ్ళతో కళ్ళు నలుపుకోవడం నాకు అలవాటు. అందులో ఎంత హాయి ఉందో దురద ఉన్నవాళ్ళకే తెలుసు. "కండ్లు ఊడి చేతికొస్తాయి చూడు" అని అమ్మ తిట్టేది. అమ్మ తిట్లలో నిజమయ్యేవి తక్కువ. ఇది మాత్రం కొంత నిజమైంది.

1996లో, ఇంటర్ తప్పిన ఏడాది, బస్సు బోర్డు మీది అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడి కనబడడం మొదలైంది. సోమందేపల్లి బస్సెక్కబోయి మడకశిర బస్సెక్కాను. మా అక్క కుళ్ళాయమ్మను హిందూపురంలో ఇచ్చారు. తను నన్ను అక్కడి కళ్ళ డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. అద్దాలిచ్చారు. ఆరు నెలలకు నంబరు మారింది, మళ్ళీ ఆరు నెలలకు మారింది. మూడో జత రాసేటప్పుడు ఆ డాక్టరు పెన్ను కింద పెట్టి, నల్లగుడ్డు మీద గడియారం అద్దంలా ఒక పొర ఉంటుందనీ, దాన్ని కార్నియా అంటారనీ, నాకు అది పలచబడి ముందుకు మొనదేలుతోందనీ చెప్పాడు. ఇక మీదట నలపొద్దన్నాడు.

"ఎంతవరకు పోతుంది సార్?" అన్నాను.

"చెప్పలేం" అన్నాడు.

గుడ్డివాడివి అవుతావని చెప్పినా అంత భయపడేవాణ్ణి కాదేమో. ఆ 'చెప్పలేం' నాతోపాటు బస్సెక్కి ఇంటికి వచ్చింది.

1999లో పెళ్ళయింది. నా భార్య మాబున్నీది ధర్మవరం, నేనూ అక్కడికే చేరాను. వాళ్ళ ఇంట్లో అందరిదీ పట్టుమగ్గాల పని. మా మామ నాకు అచ్చులు అతకడం నేర్పాడు. మగ్గం మీద పాత పడుగు అయిపోతే, కొత్త పడుగు పోగుల్ని ఆ పాత కొనలకు ఒక్కొక్కటే మెలిపెట్టి కలపాలి. వేల పోగులు. దూరపు చూపు లేకపోయినా ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు బాగానే కనబడేది, పైగా ఆ పనిలో సగం చూసేది వేళ్ళే. మామ మొదటిరోజే ఒక మాట చెప్పాడు. "లేచిన పోగు కనపడితే వదలొద్దు అల్లుడా. అది ఊరికే ఉండదు. పక్క పోగుల్ని పట్టుకొని తెంపుతాది." ఆ తర్వాత లేచిన పోగును చూస్తే నా చెయ్యి ఆగేది కాదు. పెళ్ళికి పోయినా ముందు కూర్చున్నామె చీర అంచులో పోగు లేచి ఉంటే అటే చూసేవాణ్ణి. మాబున్నీ మోచేత్తో పొడిచేది.

2004లో ఒక మధ్యాహ్నం మగ్గం దగ్గర ఉండగానే ఎడమ కంట్లోంచి నీళ్ళు కారడం మొదలై ఆగలేదు. గంటలో చూపంతా తెల్లగా అయిపోయింది, గంజి పోసినట్టు. లోపలి నీరు పొరలోకి ఎక్కిందని హిందూపురం డాక్టరు బెంగుళూరుకు రాసిచ్చాడు. అక్కడ మందులతో వాపు తగ్గింది, మచ్చ మిగిలిపోయింది. కుడి కంటికి గట్టి లెన్సు పెట్టారు. పట్టు నుసిలో ఆ లెన్సు పెట్టుకొని కూర్చోవడమంటే కంట్లో ఇసుక పోసుకొని కూర్చోవడమే. ఎడమ కంటికి పొర మార్చక తప్పదన్నారు. నాలుగేళ్ళు ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకున్నాను. చివరికి కుడి కంటిలో లెన్సు కూడా నిలవక జారిపోవడం మొదలైంది. లెన్సు లేకుండా నా పిల్ల ముఖం అరచేతి దూరంలో తప్ప తెలిసేది కాదు. ముందు ఎడమ కన్ను చేయించి, అది నిలిస్తేనే కుడి కన్ను సంగతి చూద్దామని బెంగుళూరు డాక్టరమ్మ చెప్పింది. అది నిలవకపోతే? ముందు నుయ్యి, వెనక గొయ్యి.

డాక్టరమ్మది కోలారు వైపు. తెలుగు బాగా వచ్చు. కత్తి బదులు లేజర్‌తో చేస్తామని తనే వివరించింది. "కత్తితో గుండ్రంగా కోస్తే అంచు గోడలాగా నిటారుగా ఉంటుందప్పా. గోడకు గోడ ఆనుకుంటుంది, అంతే. లేజర్‌తో అంచును మెట్టుగా కోయొచ్చు. నీ కన్నుకూ, వచ్చే పొరకూ ఒకే కొలత మెట్టు. ఒకదానిలో ఒకటి కూర్చుంటుంది. అతుకు గట్టిగా వస్తుంది, కుట్లు తొందరగా తీయొచ్చు."

అతుకు అనే మాట విన్నాక నాకు కొంచెం ప్రాణం వచ్చింది. అది నాకు తెలిసిన పని. లేజర్ మాట మాత్రం ఇంట్లో నిప్పు పెట్టింది. ఉరుసులో పిల్లలకు అమ్మే ఎర్ర లైటు తప్ప మా నాయనకు వేరే లేజర్ తెలియదు.

"ఆ లైటు పిల్లోళ్ళు కండ్లల్లో కొడతాంటే ఎన్నిసార్లు తరుముకున్నానో. నువ్వు దుడ్లిచ్చి కొట్టించుకుంటావా?" అన్నాడు. ఆ తర్వాత అసలు మాట బయటపెట్టాడు. "ఎవురిదో సచ్చినోళ్ళది తెచ్చి పెడతారంట. ఖయామత్ రోజు సచ్చినోళ్ళంతా లేస్తారు గదా, ఆ మనిషొచ్చి నా కన్ను నాకియ్యప్పా అంటే ఏం జెప్తావురా?"

మా అక్క దగ్గర అన్నింటికీ జవాబు ఉంటుంది. "ఇచ్చేస్తాడులే నాయనా. ఆపొద్దుకు వీనికి దాంతో పని తీరిపోయింటాది" అంది.

నాయన నవ్వలేదు. ఆ తర్వాత అడ్డం కూడా చెప్పలేదు.

2008 ఎండాకాలం మొదట్లో ఒక ఉదయం మాబున్నీ సెల్లుకు ఫోన్ వచ్చింది. పొర దొరికింది, ఈరోజే వచ్చి చేరాలి. ఆసుపత్రిలో పేరు రాయించినప్పటి నుంచీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసిన ఫోన్ అది. తీరా వచ్చాక, ఎక్కడో ఒక ఇంట్లో ఎవరో పోయారని, వాళ్ళింట్లో ఇప్పుడు ఏడుస్తుంటారని తోచింది. పిల్లను అత్త దగ్గర వదిలి ఇద్దరం రైలెక్కాం. పెనుకొండలో నాయన ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నాడు. కిటికీ చువ్వల్లోంచి చెయ్యి పెట్టి నా రెండు కళ్ళూ మూసి, ఏదో చదివి ముఖం మీద ఊదాడు. చేతికి దూది వాసన. రైలు కదిలాక కూడా ఆ చెయ్యి చువ్వలు పట్టుకొని నాలుగడుగులు వచ్చింది. హిందూపురంలో అక్క బొరుగుల ఉగ్గాని మూటతో ఎక్కింది. తనకు కన్నడం వచ్చు, అందుకని తోడు.

ఆసుపత్రి వరండాలో మా పక్కన తనకల్లు నుంచి వచ్చిన ఒక అవ్వ కూర్చుంది. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉంది. అడక్కుండానే చెప్పింది: "నాకిది రెండోతూరి నాయనా. మొదట పెట్టిండేది ఆర్నెల్లకే తెల్లబడిపాయ." నా ముఖం ఆమెకు సరిగ్గా కనబడి ఉండదు, ఊపిరి వినబడి ఉంటుంది. నా మోకాలి మీద తట్టి, "భయపడు, ఏం కాదు. భయం ఉన్నోడే ఏళకు మందేసుకుంటాడు. నేను భయం ల్యాకుండా శెనక్కాయ చేన్లోకి పోతి" అంది. నాకు ఆ ఆసుపత్రిలో దొరికిన మొదటి ఓదార్పు అదే. భయపడొద్దని అందరూ చెప్పారు. భయపడమని చెప్పింది ఆమె ఒక్కతే.

మర్నాడు ఉదయం ముందు లేజర్ గదిలోకి తీసుకుపోయారు. చుక్కల మందుతో కన్ను మొద్దుబారింది గానీ నేను మెలకువగానే ఉన్నాను. పై నుంచి ఒక గాజు బిళ్ళ వచ్చి కంటి మీద అదిమింది. ఉన్న కాస్త వెలుగూ పోయి చీకటైంది. కదలొద్దన్నారు. నేను ఊపిరి కూడా తీయలేదు. కాలిన వాసన వస్తుందని ధర్మవరంలో ఎవరో చెప్పారు, ఆ వాసన కోసం కాచుకొని ఉన్నాను. ఏ వాసనా రాలేదు, ఏ నొప్పీ లేదు. నిమిషంలోపే అయిపోయిందన్నారు.

అసలు భయం అక్కడ మొదలైంది. లేజర్ ఒక అంతస్తులో ఉంది, ఆపరేషన్ గది ఇంకో అంతస్తులో ఉంది. పొరను చుట్టూ కోసి, ఊడిపోకుండా కొంచెం మాత్రం అంటించి ఉంచారట. దాన్ని పైన గదిలో పూర్తిగా తీస్తారు. ఆ కోసిన కంటి మీద మూత పెట్టి, చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, దగ్గొద్దు, తుమ్మొద్దు, ముక్కొద్దు అని చెప్పి లిఫ్టు ముందు నిలబెట్టారు. లిఫ్టు రాలేదు. దగ్గొద్దు అన్నప్పటి నుంచీ నాకు గొంతులో గరగర. దగ్గితే కన్ను తెరుచుకొని లోపలిదంతా ఒళ్ళో పడుతుందని నా లెక్క. అరచేతిలో ప్రాణాలు పెట్టుకోవడం అంటారే, నేను కన్ను పెట్టుకొని కూర్చున్నాను. పెళ్ళాం పేరు, పిల్ల పేరు, తెలిసిన దువాలన్నీ తలుచుకున్నాను. కుర్చీ తోసే ఆయాకు నా గొణుగుడు వినబడినట్టుంది. "హెదరబేడప్పా" అని కన్నడంలో భయపడొద్దంటూ తన అరచెయ్యి నా నెత్తి మీద పెట్టి, లిఫ్టు వచ్చేవరకు తీయలేదు. ఆమె ముఖం నాకు తెలియదు. చెయ్యి బరువు ఇప్పటికీ తెలుసు.

పైన ఇంజెక్షన్ ఇచ్చాక నాకేమీ గుర్తు లేదు. పదహారు కుట్లు పడ్డాయన్నారు.

కట్టు విప్పిన రోజు నూనె కాగితం వెనక నుంచి చూసినట్టుంది. డాక్టరమ్మ ఎన్ని వేళ్ళంటే చెయ్యి ఉందని తెలిసింది, వేళ్ళు తెలియలేదు. పోయింది అనుకున్నాను. మాబున్నీ కొంగు నోట్లో కుక్కుకుంది. డాక్టరమ్మకు మాత్రం సంతోషంగానే ఉంది. పొర తేటగా ఉందనీ, చూపు కుదురుకోవడానికి నెలలు పడతాయనీ, కుట్ల బిగువు వల్ల గీతలు వంకరగా కనబడతాయనీ చెప్పింది. వచ్చేటప్పుడు నాలుగు మాటలు వల్లె వేయించింది: ఎరుపు, నొప్పి, మసక, వెలుగు చూడలేకపోవడం. వీటిలో ఏది వచ్చినా ఆ రోజే రావాలి. "కంట్లో చెయ్యి పెట్టొద్దు" అని కూడా అంది. నాకు అది 'నలపొద్దు' అని వినబడింది. చిన్నప్పటి నుంచీ విన్నది అదే కదా.

నాలుగు నెలలు నేను కన్ను నలపలేదు. నిద్రలో నలుపుతానేమోనని మాబున్నీ నా చేతికి తన చున్నీ కట్టి పడుకునేది. చుక్కల మందు ఒక్క పూట తప్పలేదు. నెమ్మదిగా గోడ మీద గడియారం తెలిసింది, తర్వాత ముళ్ళు తెలిశాయి. మా మామ వీధిలో అందరికీ చెప్పుకున్నాడు.

నాలుగో నెల దాటాక ఒక ఉదయం కంట్లో ఏదో గుచ్చుకోవడం మొదలైంది. మాబున్నీని చూడమన్నాను. నా రెప్ప పైకెత్తి, భూతద్దం పెట్టి చూసింది. తనదీ మగ్గాల ఇంటి కన్నే.

"పోగు వదులైనట్టుండాది. కొన లేచింది" అంది.

ఆ ఒక్క మాట చాలు. నాకు ఆసుపత్రి గుర్తుకు రాలేదు. డాక్టరమ్మ నాలుగు మాటల్లో పోగు లేవడం లేదు. నాకు వినబడింది మా మామ మాటే. ఇది పక్క పోగుల్ని పట్టుకుంటుంది, ఒక్కొక్కటే తెంపుతుంది, అతుకు విచ్చుకుంటుంది. ఇంకో పదిహేను ఉన్నాయి, వాటిని కాపాడుకోవాలి. భయంతోనే చేశాను, నిర్లక్ష్యంతో కాదు. ఈ మాట నన్ను నేను సమర్థించుకోవడానికి రాయడం లేదు. నిర్లక్ష్యం కంటే భయం ఎక్కువ చెడుపు చేయగలదని తెలిసి రాస్తున్నాను.

పట్టులో నలుసులు పీకే సన్నటి పట్టకారు, చిమటా, తెమ్మన్నాను. మాబున్నీ తెచ్చింది గానీ, "నా చేతులు రావు. బెంగుళూరికి ఫోన్ జేద్దాం" అంది. ఒక పోగు కోసం ఫోనేమిటని కసిరాను. చిమటా వేడినీళ్ళలో ముంచి, అద్దం ముందు కూర్చుని, భూతద్దం తనతో పట్టించి, నేనే లాగాను. రెండోసారికి వచ్చింది. మాబున్నీ వెంట్రుకలో సగం మందం కూడా లేదు. వేలి మీద పెట్టుకొని గర్వంగా చూపించాను.

రెండు రోజులు హాయిగా ఉంది. మూడో రోజు ఉదయం వాకిట్లోకి రాగానే ఎండ కంట్లో మేకులా దిగింది. మధ్యాహ్నానికి గడియారం ముళ్ళు మాయమయ్యాయి. సాయంత్రానికి గడియారం కూడా లేదు. డాక్టరమ్మ వల్లె వేయించిన నాలుగూ వరసగా వచ్చాయి. పై ప్రాణాలు పైనే పోయాయి. దొరికిన బస్సు పట్టుకొని పోయాం. దారి పొడవునా మాబున్నీ నా రెండు చేతులూ తన ఒళ్ళో అదిమి పట్టుకొని కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది.

డాక్టరమ్మ యంత్రంలో చూసి, "ఇక్కడ ఒక కుట్టు ఉండాలే, ఏమయింది?" అంది.

"లేచింటే తీసేసినాను మేడం."

"ఎవరు?"

"నేనే. చిమటాతో."

ఆమె కుర్చీ వెనక్కి జరిపి కాసేపు నా చేతుల వంక చూసింది. ఆ తర్వాత తిట్టిన తిట్లు రాయను, నాకు తగినవే. కుట్టు లేస్తే తీయవలసిందేనట. కాకపోతే అక్కడ, వాళ్ళు, మందులు వేసి తీయాలి. నా చిమటాతో పాటు క్రిమి లోపలికి పోయింది. దానికి తోడు ఒళ్ళు ఆ కొత్త పొరను పరాయిదని తోసేయడం కూడా మొదలుపెట్టింది.

"ఉంటుందా మేడం?" అని అడిగింది మాబున్నీ.

"చెప్పలేం" అంది డాక్టరమ్మ.

పన్నెండు రోజులు ఉంచుకున్నారు. గంటకోసారి మందు. చుక్క పడ్డప్పుడల్లా నిప్పు పడ్డట్టే. అక్క వచ్చి ఒకరోజు నన్ను కడిగి పారేసింది. "ఎవురో పుణ్యాత్ములు పొయ్యేటప్పుడు ఇచ్చిపోతే, నువ్వు చిమటాతో పీక్కుంటావంట్రా! ఇదేమన్నా చీర కొంగా?" అని, తర్వాత బాత్‌రూములోకి పోయి ఏడ్చి వచ్చింది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆ పోయిన మనిషి ఆడో మగో, ఏ ఊరో నాకు తెలియదు. చెప్పరు. వాళ్ళను క్షమాపణ అడగాలనిపించింది, ఏ పేరు పెట్టి అడగాలో తెలియక ఊరుకున్నాను.

తొమ్మిదో రోజున ఎరుపు తగ్గింది. పదకొండో రోజున డాక్టరమ్మ వేళ్ళు మూడని చెప్పగలిగాను. అతుకు విచ్చుకోలేదు. మెట్టుగా కోసిన అంచు అప్పటికే గట్టిగా పట్టుకొని ఉందట, లేకపోతే కన్ను కారిపోయేదని ఆమె అంది. పోగు లాగిన చోట తెల్లటి మచ్చ మిగిలింది. అది పక్కన ఉంది కాబట్టి చూపుకు అడ్డం లేదు. మిగిలిన కుట్లను ఆ తర్వాతి నెలల్లో కొన్నికొన్నిగా తనే తీసింది. తీసేటప్పుడు నా రెండు చేతులనూ నా తొడల కింద పెట్టుకొని కూర్చోమనేది.

2009 నడుమకు అద్దాలిచ్చారు. చూపు ఎంత వచ్చిందో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. బస్సు బోర్డు చదువుతాను. పిల్ల గుంపులో ఉంటే గుర్తుపడతాను. దీపాల చుట్టూ వలయాలు కనబడతాయి. అచ్చులు అతకలేను, అది మాబున్నీ చేస్తుంది, నేను మగ్గం మీద కూర్చుంటాను. పొర ఎప్పుడైనా తిరగబడవచ్చు, పదేళ్ళకైనా. చుక్కల మందు ఇంకా వేసుకుంటున్నాను. దినదిన గండం నూరేళ్ళాయుష్షు.

అందుకని రోజూ లేవగానే అద్దాలు పెట్టుకొని, కుడి కన్నును అరచేత్తో మూసి, ఎదురు గోడ మీది క్యాలెండర్ చదువుతాను. వారం, తేదీ. తెలిస్తే ఆ రోజుకు బతికినట్టు. ఇది చేసేవరకు నాతో ఎవరూ మాట్లాడరు.

మొన్నీమధ్య ఒకరోజు లేచి, కన్ను మూసి చూస్తే క్యాలెండర్ లేదు. గోడ మీద ఒక తెల్లటి మరక, అంతే. రెప్పలు కొట్టి చూశాను. అదే మరక. "మాబూ, పోయిందే! కన్ను పోయింది!" అని అరిచాను. తను పొయ్యి మీద ఏదో వదిలేసి పరుగెత్తుకొచ్చింది. పిల్ల ఏడుపు లంకించుకుంది. ఏడాదిన్నర పెట్టిన ప్రాణమంతా పోయిందనుకున్నాను. బెంగుళూరు బస్సెన్నింటికని అడుగుతున్నాను, చెప్పులెక్కడని అడుగుతున్నాను, చెయ్యి మాత్రం కన్ను మీంచి తీయలేదు.

మాబున్నీ నా ముందు నిలబడి, నన్నే చూస్తూ, "ఏ కన్ను మూసినావు నువ్వు?" అంది.

"కుడిది."

"అది ఎడమది."

ఏళ్ళ తరబడి ఏమైనా చూడాలంటే ఎడమ కన్ను మూసుకోవడమే నాకు అలవాటు. నిద్రమత్తులో చెయ్యి పాత దారి పట్టింది. అరచెయ్యి తీశాను. క్యాలెండర్ వచ్చింది. వారం వచ్చింది, తేదీ వచ్చింది. మాబున్నీ ముఖం, దాని మీది కోపం, కోపం కిందుగా కారుతున్న నీళ్ళు, అన్నీ వచ్చాయి. తను నా భుజం మీద ఒక్కటి వేసి నేల మీద కూలబడి నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఆ తెల్లటి మరకే కదా నిన్నమొన్నటి దాకా నా మంచి కన్ను. దాన్ని ఒక్క నిమిషం చూసేసరికి లోకం మునిగినట్టు అరిచాను. అదే చూపుతో అన్నేళ్ళు బతికాను, పెళ్ళి చేసుకున్నాను, పిల్లను ఎత్తుకున్నాను.

ఆ రోజే ఆసుపత్రికి ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి పేరు అడిగింది, ఊరు అడిగింది, మార్పిడికి పేరు రాసుకోమంటారా అంది. రాసుకోమన్నాను.

"ఏ కన్ను?" అంది.

మాబున్నీ వైపు చూశాను. నేనే చెప్పాలని తను ముఖం పక్కకు తిప్పుకుంది.

"కుడి కన్నమ్మా" అన్నాను.